వస్తువు చేసే ముందు కొనేవాళ్లను కనుక్కోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇంట్లోనో చిన్న షెడ్డులోనో ఏదైనా తయారుచేసి అమ్ముదామనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మహిళా సంఘాల్లోని అక్కచెల్లెళ్లు, సూరత్ నుంచో హైదరాబాద్ నుంచో ఇంటికి తిరిగొచ్చిన తమ్ముళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో ఎక్కువ భాగం నా చోళ్ల (రాగుల) పిండి వ్యాపారం నేర్పినవే.

ముందు సరుకు చేసి చూపిస్తేనే కదా జనం ఏదైనా చెప్పగలరు? చేయకముందు ఏమని అడుగుతాం?

నేనూ అలాగే అనుకున్నాను. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల కోసం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టింది. మా గజపతి జిల్లా కూడా అందులో ఉంది. మీటింగుల్లో, గోడల మీద, ఎక్కడ చూసినా చోళ్ల మాటే. ఇంతమంది మాట్లాడుతున్నారంటే ఇంతమందీ కొంటారనుకున్నాను. మరుసటి ఏడాది చోళ్లు మొలక కట్టి, ఎండబెట్టి, వేయించి, బెల్లం, యాలకులు కలిపి మాల్ట్ పొడి చేశాను. అరకిలోవి మూడు వందల ప్యాకెట్లు కట్టాను. కవర్లు విశాఖలో రంగుల్లో అచ్చు వేయించాను. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని కవరు వెనక రాయించాను. నాలుగు నెలల్లో అరవై ప్యాకెట్లు కూడా పోలేదు. వానలు మొదలయ్యేసరికి మిగతావాటిలో బెల్లం చెమ్మ పట్టి గడ్డకట్టింది. అందులో పెట్టింది అమ్మ దాచుకున్న డబ్బు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత కొట్టుకొట్టుకూ, ఇంటింటికీ తిరిగి అడిగాను. మా టౌనులో చోళ్ల పిండిని డబ్బిచ్చి కొనేవాళ్లు ముఖ్యంగా రెండు రకాలని తేలింది. షుగర్ ఉన్న పెద్దవాళ్లు అంబలి కోసం కొంటారు, వాళ్లకు బెల్లం పనికిరాదు. చంటిపిల్లల తల్లులు ఉగ్గు కోసం కొంటారు, వాళ్లకు పొట్టు తగలకుండా మెత్తగా జల్లించిన పిండి కావాలి. నా పొడి తియ్యగానూ ఉంది, బరకగానూ ఉంది. ఇది తెలియడానికి పట్టింది ఒక్క వారం. ఆ వారం తిరిగినప్పుడు నా చేతిలో సరుకు లేదు, దాని అవసరం కూడా రాలేదు. నేను అడిగిందల్లా వాళ్ల వంటింటి సంగతులు.

మా ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు అందరూ చాలా బాగుందన్నారు. అది చాలదా?

చాలదు. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. మనకు మొహమాటం ఎక్కువ. ఇంటికొచ్చిన మనిషి గిన్నెలో ఏదో పట్టుకొచ్చి "ఎలా ఉందండీ" అని ఆశగా చూస్తుంటే, మొహం మీద బాగాలేదని చెప్పే మనిషి మన వైపు ఉండదు. మా పెద్దమ్మ నా మాల్ట్ తాగి రెండుసార్లు మెచ్చుకుంది. తర్వాత తెలిసింది, ఆమెకు యాలకుల వాసనే పడదు.

అందుకే మెచ్చుకోలును లెక్కలో వేసుకోకండి. ప్రేమగా తీసుకోండి, జవాబులు రాసుకునే పుస్తకంలో మాత్రం రాయకండి. రాయాల్సినవి వేరే ఉన్నాయి: ఆ మనిషి ఇదే అవసరానికి ఇప్పటికే డబ్బు ఖర్చు పెడుతున్నాడా, ఎంత పెడుతున్నాడు, ఎంత దూరం వెళ్తున్నాడు, ఏ తిప్పలు పడుతున్నాడు.

మరి ఏమని అడగాలి?

"ఇలాంటిది చేస్తే కొంటారా?" అని మాత్రం అడగకండి. రేపటి గురించి అడిగితే వచ్చేది ఊహ, దాని మీద మొహమాటం. నిన్నటి గురించి అడిగితే జరిగినదే వస్తుంది.

మా వీధి చివర ఒక పిన్నితో జరిగిన మాటలు ఇక్కడ రాస్తాను.

"పిన్నీ, ఈరోజు పొద్దున్న ఏం తాగారు?"

"టీ తాగానమ్మా."

"మీరు రోజూ అంబలి తాగుతారు కదా?"

"రెండు వారాలైంది మానేసి. చోళ్లు ఉన్నాయి. మిల్లుకి ఎవరు తీసుకెళ్తారు? మనవడిని పంపితే కారం పట్టిన మిల్లులోనే నా చోళ్లు పట్టించుకొచ్చాడు. అంబలంతా ఘాటు. పారబోశాను."

"అంతకుముందు ఎలా చేసేవారు?"

"కోడలు రాళ్లు ఏరి ఇచ్చేది. ఇప్పుడు అది స్కూల్లో ఉద్యోగానికి పోతోంది. దానికి ఖాళీ ఏదీ?"

చోళ్ల పిండి కొంటారా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అయినా ఆ పది నిమిషాల్లో నా సరుకు ఎలా ఉండాలో ఆమె చెప్పేసింది. రాళ్లు ఏరి ఉండాలి, కారం తగలని మిల్లులో పట్టాలి, ఇంకేమీ కలపకూడదు. ఆరోగ్యం, కాల్షియం అనే మాట ఆమె నోట రాలేదు. ఆమె బాధంతా మిల్లు గురించే.

అడిగేటప్పుడు నాకు బాగా పనికొచ్చిన మాటలు కొన్ని: "చివరిసారి ఎప్పుడు కొన్నారు?", "ఎక్కడ?", "అప్పుడు ఇంట్లో ఎవరు వెళ్లారు?", "దొరకనప్పుడు ఏం చేశారు?", "తెచ్చాక అంతా వాడారా, మిగిలిందా?" చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. డబ్బాలో మిగిలి పురుగు పట్టిందని ఎవరైనా అంటే, మీరు చేయాల్సింది ఇంకా చిన్న ప్యాకెట్ అని అర్థం.

ఇంకో సంగతి. వాళ్లు ఆగితే మీరు వెంటనే మాట అందుకోకండి. నాకు తెలిసిన అసలు సంగతులన్నీ ఆ నిశ్శబ్దం తర్వాతే వచ్చాయి. మీ సరుకు గురించి చెప్పుకోవాలని నోరు దురద పెడుతుంది, తెలుసు. ఆపుకోండి.

ఎంతమందిని అడగాలి?

ఒకే రకం మనుషులను పది, పదిహేను మందిని అడగండి. కొత్త మాట వినబడటం ఆగిపోయిందంటే ఇక చాలు. తల్లులు ఐదుగురు, ముసలివాళ్లు ఐదుగురు, హాస్టల్ పిల్లలు ఐదుగురు అని కలిపేస్తే మాత్రం ఎవరి సంగతీ సరిగా తెలియదు.

తెలుగులో అడగాలా, ఒడియాలో అడగాలా? లేబుల్ ఏ భాషలో వేయాలి?

ఇది మన సరిహద్దు ఊళ్లవాళ్లకే వచ్చే ప్రశ్న, నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న కూడా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో కొండల్లో ఉండే సవర గిరిజనుల మాటలు కొన్ని. ఒకే మనిషి పూట పూటకీ భాష మారుస్తాడు. ఏ భాషలో అడిగితే ఆ భాషలోని మనిషే జవాబు చెబుతాడు. ఒడియాలో అడిగినప్పుడు మర్యాదగా "భలొ అచ్ఛి" అన్న ఆవిడే, తెలుగులో అడిగితే "కొంచెం చేదుగా ఉందమ్మా" అంది. ఇంటి సంగతి అడగాలంటే వాళ్ల ఇంటి భాషలోనే అడగాలి.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం మద్రాసు రాష్ట్రం నుంచి ఇటు వచ్చాయి. మన పిల్లల్లో చాలామంది ఒడియా బడుల్లోనే చదివారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవలేరు. నేను తెలుగులో వేయించిన కవర్లను మా తెలుగువాళ్లే తిప్పి తిప్పి చూసి, ఒడియా అక్షరాలు ఏవని అడిగారు. ఆ వైపు మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే ఒడియా లేబుల్ చూసి "ఇది మనది కాదులే" అని పక్కన పెట్టేశారు. కాబట్టి మనుషులు ఏం మాట్లాడతారో ఒకసారి, ఏం చదవగలరో ఇంకోసారి, రెండూ విడివిడిగా కనుక్కోండి. ఒక పాత ప్యాకెట్ చేతికిచ్చి "దీని మీద ఏం రాసుందమ్మా" అని చదివించండి. రెండు నిమిషాల పని.

పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారిని ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేను. సవరల దగ్గరే వాళ్ల భాష నేర్చుకుని, ఆ తర్వాతే సవర పిల్లలకు పుస్తకాలు రాశారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ముందు వినడం, తర్వాత తయారుచేయడం అనే పద్ధతి మన ఊళ్లోనే వందేళ్ల కిందటే జరిగింది.

ఇంటింటికీ తిరగడం కష్టం. వాట్సాప్ పోల్ గానీ గూగుల్ ఫారం గానీ పంపితే సరిపోదా?

కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం గారు తక్కువ ఖర్చులో శానిటరీ ప్యాడ్లు చేయాలనుకున్నప్పుడు, వాడి చూసి చెప్పమని మెడికల్ కాలేజీ అమ్మాయిలకు ప్యాడ్లు, కాగితాలు ఇచ్చారు. కొన్నాళ్లకు తెలిసింది, ఆ కాగితాలు నిజంగా వాడి నింపినవి కావని. సిగ్గుతో ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు. చివరికి ఆయన ఫుట్‌బాల్ బ్లాడర్‌లో మేక రక్తం నింపి, నడుముకు కట్టుకుని తానే పరీక్షించుకున్నారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఫారం నిండినంత మాత్రాన జవాబు వచ్చినట్టు కాదని ఆయన కథ విన్నప్పటి నుంచీ నాకు గట్టి నమ్మకం.

వాట్సాప్ పోల్ ఒక్కదానికి పనికొస్తుంది. ఎవరితో మాట్లాడాలో వెతుక్కోవడానికి. "ఇంట్లో ఏడాది లోపు పిల్లలున్నవాళ్లు ఎవరు?" అని అడగండి, చేయి ఎత్తినవాళ్ల ఇంటికి వెళ్లండి.

సంతలో కొనేవాళ్లను గమనించడం ఎలా?

నాకు సంతకు మించిన బడి లేదు. కాశీనగర్ సంతలోనో గుమ్మ సంతలోనో ఒక పూట ఊరికే కూర్చోండి. అమ్మకండి, కొనకండి, చూడండి. ఏ దుకాణం ముందు మనుషులు ఆగారు, ఏది చేత్తో తీసి మళ్లీ పెట్టేశారు, ఏది వాసన చూశారు. ఎంత పరిమాణం కొంటున్నారన్నది తప్పకుండా రాసుకోండి. కూలి డబ్బు చేతికొచ్చినరోజు కొనేది వేరు, మామూలు రోజు కొనేది వేరు. నేను అరకిలో ప్యాకెట్లు చేసుకుని కూర్చున్నాను. అక్కడ జనం పది రూపాయలకు, ఇరవై రూపాయలకు ఇమ్మని అడుగుతున్నారు, గ్రాముల లెక్కన కాదు.

కిరాణా కొట్టు అన్నయ్యలను కూడా అడగండి, కానీ బేరాలున్న వేళ కాదు. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లండి. "ఏది బాగా పోతుంది" అంటే పైపైన చెప్పేస్తారు. "జనం అడిగితే మీ దగ్గర లేదని చెప్పింది ఏది?" అనండి. మా కొట్టు అన్నయ్య కాసేపు ఆలోచించి, "పిల్లలకి పెట్టే చోడిపిండి అడుగుతారమ్మా, మెత్తనిది. నా దగ్గర ఉండేది జనం తీసుకోరు" అన్నాడు. నా వ్యాపారం మలుపు తిరిగింది ఆ ఒక్క మాటతోనే.

సంతలో చోళ్లు అమ్మే సవర అక్కలను కొనేవాళ్లుగా కూడా చూడండి. వాళ్లు అమ్మిన డబ్బుతో ఏం కొనుక్కుని కొండ ఎక్కుతున్నారో చూస్తే, ఇంకో నాలుగు వస్తువుల ఆలోచన వస్తుంది.

శాంపిల్ రుచి చూపించి అడిగితే తప్పేముంది?

తప్పు లేదు, చాలదంతే. 1985లో కోకాకోలా కంపెనీ కొత్త రుచిని దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించి, ఎక్కువమందికి నచ్చిందని తేల్చుకున్నాకే ఏప్రిల్‌లో పాతదాన్ని మార్చింది. జనం పాతదే కావాలని గొడవ చేశారు. 79 రోజులకు పాత రుచి తిరిగొచ్చింది. ఒక గుక్క నచ్చడం వేరు. రోజూ తాగేదాన్ని తీసేసి ఇది తాగమంటే ఎలా ఉంటుందన్నది వేరు. ఆ రెండో సంగతి వాళ్లు సరిగా అడగలేదు.

అందుకే స్పూనుతో రుచి చూపించే బదులు వారానికి సరిపడా సరుకు ఇంట్లో ఇచ్చి రండి. వారం తర్వాత వెళ్లి డబ్బా చూడండి. ఎంత తగ్గిందో అదే చెబుతుంది. వీలైతే వాళ్లు వండేటప్పుడు పక్కన ఉండండి. కార్న్‌ఫ్లేక్స్ చేసే కెలాగ్స్ కంపెనీ 1994లో మన దేశానికి వచ్చినప్పుడు చల్లటి పాలలో కరకరలాడే రేకులు తెచ్చింది. మన ఇళ్లలో పాలు వేడిగానే పోసుకుంటాం. రేకులు మెత్తబడిపోయాయి. వంటింట్లోకి వెళ్లి నిలబడితే ఒక్క పొద్దులో తెలిసే సంగతది.

ధర ఎంత పెట్టాలో వాళ్లనే అడగవచ్చా?

"ఎంతైతే కొంటారు?" అంటే తక్కువే చెబుతారు, అది సహజం. ఇప్పుడు దానికోసం ఎంత పెడుతున్నారో లెక్క కట్టండి. మా పిన్నికి చోళ్ల ధర, మిల్లు కూలి, మనవడికి ఇచ్చే పది రూపాయలు, పారబోసిన పిండి అన్నీ కలిపితే నేను అనుకున్న ధరకంటే ఎక్కువే తేలింది.

తక్కువ ధర ఒక్కటే చాలు అనుకునేవాళ్లకు రెండు ఉదాహరణలు చెబుతాను. గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ గారు 1969లో నిర్మా పౌడర్‌ను సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి కిలో మూడు రూపాయలకు అమ్మారు, గెలిచారు. బట్టల సబ్బు పొడి ధర తక్కువైతే ఎవరికీ చిన్నతనం లేదు. టాటా నానోను 2008లో లక్ష రూపాయల కారుగా చూపించారు. 2018 వచ్చేసరికి తయారీ ఆగిపోయింది. అన్నిటికంటే చౌక కారు అనే పేరు దానికి నష్టం చేసిందని రతన్ టాటా గారే తర్వాత అన్నారు. కారు కొనేది నలుగురి ముందు దిగడానికి కూడా కదా. మీ వస్తువు వంటింట్లో ఉండేదా, చుట్టాల ముందు పెట్టేదా అని ముందు ఆలోచించండి. చౌక అన్న మాట ఒకచోట బలం, ఇంకోచోట భారం.

వస్తువు ఇంకా లేకుండా అడ్వాన్స్ అడిగితే బాగోదేమో?

నాకూ చాలా టెన్షన్‌గానే ఉండేది. కానీ మొహమాటం లేని జవాబు వచ్చేది ఇక్కడే. "వచ్చే ఆదివారం పిండి పట్టిస్తున్నాను, పావుకిలోకి ఇరవై రూపాయలు ముందు ఇవ్వండి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేస్తాను" అన్నాను. అంతకుముందు "తప్పకుండా తీసుకుంటాను" అన్న ఇరవై రెండు మందిలో డబ్బిచ్చినవాళ్లు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందికే పిండి పట్టాను. మిగతా పదమూడు మందిని నిష్ఠూరమాడలేదు. ఎందుకు ఇవ్వలేదో ఇద్దరు ముగ్గురిని మెల్లగా అడిగాను, ఇంట్లో పాత పిండి ఉందన్నారు. నిజమే అయ్యుంటుంది. మాట ఇచ్చాక ఆ తేదీకి తప్పకుండా ఇవ్వండి. ఆలస్యమైతే డబ్బు అడగకముందే తిరిగి ఇచ్చేయండి. చిన్న ఊరు, ఒక్కసారి మాట పోతే మళ్లీ రాదు.

మాది చేనేత పని. తరతరాల డిజైన్. మేం కూడా కొనేవాళ్లను అడగాలా?

బరంపురం పట్టు చీరకు ఫొడా కుంభ అనే గుడి ఆకారపు అంచు ప్రాణం. 2012లో చీరకు, మగవాళ్లు కట్టే జోడాకు కలిపి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ అంచు మార్చమని నేను ఎవరికీ చెప్పను, కొనేవాళ్లు అడిగినా సరే. అది అడిగి మార్చుకునే సంగతి కాదు. అడగాల్సినవి దాని చుట్టూ ఉన్నాయి. చీర బరువు ఎంతైతే ఉద్యోగం చేసే అమ్మాయి రోజంతా కట్టుకోగలదు? పెళ్లికి కొన్నది ఆ తర్వాత ఎన్నిసార్లు కట్టింది? ఏ రంగు కోసం నాలుగు షాపులు తిరిగింది? బీరువా తీసి చూపించమనండి. మడత విప్పని చీరలు ఎన్నున్నాయో, వాటిని ఎందుకు కట్టలేదో చెప్పమనండి. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్లకూ నేను ఇదే చెబుతాను. పని మీది, వాడకం వాళ్లది.

ఏ కాలంలో అడగడం మంచిది?

అమ్మాలనుకున్న కాలంలోనే. కార్తీకంలో మన వైపు చాలా ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి, నీచు మానేస్తారు. ఆ నెలలో వెల్లుల్లి పచ్చడి గురించి అడిగితే ఎవరికీ అక్కర్లేదనిపిస్తుంది. జూన్‌లో ఒడియావాళ్ల రజ పండుగకు పిఠాలనే పిండివంటల హడావుడి, జనవరిలో సంక్రాంతికి అరిసెల హడావుడి. సూరత్ నుంచి మగవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో ఖర్చు పెట్టే చెయ్యే మారుతుంది. ఒకసారి విన్న జవాబును ఏడాదంతటికీ వాడకండి.

ఇంతమందికి చెబితే ఎవరైనా మా ఆలోచన కాపీ కొట్టరా?

మీరు చెప్పడం లేదు, అడుగుతున్నారు. చోళ్లు ఎక్కడ కొంటున్నారని అడిగినంత మాత్రాన ఎవరికీ ఏమీ తెలిసిపోదు.

పరీక్ష కోసం కొద్దిగా అమ్మడానికి కూడా కాగితాలు కావాలా?

తినే వస్తువైతే చిన్న వ్యాపారికి కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్యాకెట్ మీద ఆ నంబరు ఉండాలి. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చంటిపిల్లల ఆహారమని ప్యాకెట్ మీద రాస్తే దానికి వేరే, కఠినమైన నిబంధనలు ఉన్నాయి. తల్లులు ఉగ్గుకే కొంటారని తెలిసినా నేను "చోళ్ల పిండి" అని మాత్రమే రాస్తాను.

అడిగాక ఎవరికీ వద్దని తేలితే?

ముందు బాధ కలుగుతుంది, కలగనివ్వండి. తర్వాత పుస్తకం మళ్లీ చదవండి. వాళ్లు వద్దన్నది మీ వస్తువునా, దాని పరిమాణాన్నా, అది దొరికే చోటునా? నా పుస్తకంలో మాల్ట్‌ను వద్దన్న పేజీల్లోనే పిన్ని మిల్లు గొడవ ఉంది, కొట్టు అన్నయ్య చెప్పిన మెత్తని పిండి ఉంది. మాల్ట్ పూర్తిగా ఆపేశాను. కారం పట్టని మిల్లు కోసం వెతికి, తెల్లవారుజామున మొదట నా చోళ్లే పట్టమని మాట్లాడుకున్నాను. ఇప్పుడు రెండే రకాలు చేస్తాను. అంబలికి కొంచెం బరక, ఉగ్గుకు రెండుసార్లు జల్లించినది. పావుకిలో ప్యాకెట్, ఇరవై రూపాయల పొట్లం. లేబుల్ మీద పైన ఒడియా, కింద తెలుగు. రంగుల కవరు లేదు, కాల్షియం మాట లేదు. "రాళ్లు ఏరినది, కారం తగలనిది" అని రెండు భాషల్లోనూ రాసి ఉంటుంది. ఆ మాటలు పిన్నివే. ప్రతి శనివారం మొదటి ప్యాకెట్ ఆమె గుమ్మంలోకే వెళ్తుంది, ఆమె డబ్బు ఇచ్చే తీసుకుంటుంది.